స్టీరింగు మీద గేరు... కాలి కింద డిప్పరు
అంబాసిడర్ నడపడం ఒక ప్రత్యేక విద్య

జమ్మికుంట: పత్తి మార్కెట్‌కు వచ్చిన షావుకారైనా, తనిఖీకి వచ్చిన ఆఫీసరైనా, పెళ్లికొడుకును తీసుకొచ్చిన వియ్యాలవారైనా ఊళ్లో కారు దిగారంటే అది అంబాసిడరే అయ్యే రోజులు ఈ ప్రాంతంలో చాలాకాలం నడిచాయి. పిల్లలు దాని వెనక పరుగెత్తేవారు. పెద్దలు అరుగు మీది నుంచి లేచి ఎవరొచ్చారో అని చూసేవారు. ఇప్పుడు ఆ కారు రోడ్డు మీద కనిపిస్తే మళ్లీ అలాగే లేచి చూస్తున్నారు. కారణం మాత్రం వేరు. అది అరుదైపోయింది.

2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. హుజూరాబాద్, జమ్మికుంట, వీణవంక వైపు గ్రామాల్లో మిగిలిన కొద్ది బండ్లు కొట్టాల్లోనో, రేకుల షెడ్లలోనో ఉంటున్నాయి. ఇప్పటి కార్ల మీద డ్రైవింగ్ నేర్చుకున్న కుర్రవాడు ఎక్కి కూర్చుంటే బండిని గజం దూరం కదిలించడం కూడా కష్టమే. గేరు రాడ్డు కోసం అతని ఎడమచేయి కింద వెతుకుతుంది. అక్కడ ఏమీ ఉండదు.

ఈ కారుకు లోపాలు చాలా ఉన్నాయి. అయితే ఆ లోపాలే డ్రైవరుకు కొన్ని జాగ్రత్తలు నేర్పాయి. బండ్లు మారినా ఆ జాగ్రత్తల అవసరం తీరలేదు. వేగం పెరిగిన ఈ రోజుల్లో అవి మరింత అవసరమయ్యాయి.

పుట్టింది ఇంగ్లండులో

అంబాసిడర్ అచ్చంగా మన కారని చాలామంది అనుకుంటారు. దాని పుట్టుక ఇంగ్లండులో. అక్కడి మోరిస్ కంపెనీ 1956లో ‘ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3’ అనే కారును విడుదల చేసింది. మధ్యతరగతి కుటుంబాలకు సరిపోయే, నాలుగు తలుపుల మధ్యరకం కారు అది. 1959 నాటికి ఆ దేశంలో ఆ మోడల్‌కు కాలం చెల్లింది.

బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలై, 1948లో ఉత్తరపారాకు మారింది. మోరిస్ కంపెనీతో ఒప్పందం కింద అంతకు ముందే ల్యాండ్‌మాస్టర్ కారును తయారుచేస్తున్న ఈ కంపెనీ, 1957-58 నుంచి ఆక్స్‌ఫర్డ్ నమూనాలో అంబాసిడర్‌ను తీసుకొచ్చింది. ఇంగ్లండు మూడేళ్లలో వదిలేసిన కారు ఇక్కడ యాభై ఏళ్లకు పైగా నడిచింది. మధ్యలో మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అంటూ పేర్లు మారాయి. ముందు జాలీ మారింది, లైట్లు మారాయి. గుండ్రని వీపు మాత్రం మారలేదు.

1983 డిసెంబరులో మారుతి వచ్చేదాకా మామూలు జనం కొనగలిగినవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ అన్నంతే. మూడూ ఐరోపా నుంచి వచ్చిన నమూనాలే. డబ్బు కట్టి ఏళ్ల తరబడి వేచి ఉండాల్సి వచ్చేది. వీటిలో ఫియట్ తేలిక, చురుకు. దాని ఇంజను 1,089 సీసీ. పట్నం వీధుల్లో అది బాగుండేది. బండ్లబాటలు, మట్టిరోడ్లు ఉన్న పల్లెలకు మాత్రం బరువైన ఒళ్లు, పెద్ద చక్రాలు, వెనక గట్టి కమాను పట్టీలు ఉన్న అంబాసిడరే సరిపోయింది.

హోదాకూ ఈ కారే గుర్తు. మన పొరుగునే ఉన్న వంగర గ్రామంలో పెరిగిన పి.వి.నరసింహారావు 1991 నుంచి 1996 దాకా ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు దేశంలో మంత్రులు, అధికారుల వాహనమంటే తెల్ల అంబాసిడరే.

ఎక్కి కూర్చుంటే...

తలుపు తెరవగానే మొదట తెలిసేది సీటు సంగతి. ముందు సీటు కూడా సోఫాలాగా ఒకటే. మధ్యలో గేరు రాడ్డు లేదు కనుక ముందు ముగ్గురు కూర్చోవచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో నలుగురు కూర్చునేవారు. డ్రైవరు తలుపుకు ఆనుకుని, సగం సీటు మీద కూర్చుని నడిపేవాడు. తలపాగా తీయకుండా లోపల కూర్చునేంత ఎత్తు ఉండేది. పంచెకట్టు పెద్దలకు, పట్టుచీరల ఆడవారికి ఎక్కడం, దిగడం సులువు.

స్టీరింగు చక్రం పెద్దది, సన్నది. పవర్ స్టీరింగు లేదు. బండి ఆగి ఉన్నప్పుడు తిప్పాలంటే భుజాల బలం కావాలి. కదిలిన తర్వాత తేలికవుతుంది. ఆ స్టీరింగు కిందనే ఎడమవైపు గేరు రాడ్డు. దాన్ని తనవైపు లాగి, ముందుకు నెట్టి, పైకి, కిందికి కదిలిస్తే నాలుగు గేర్లు, ఒక రివర్సు పడేవి. రాడ్డుకూ గేరుబాక్సుకూ మధ్య పొడవాటి లింకులు ఉంటాయి. అవి అరిగితే గేరు ఒకచోట పడబోయి ఇంకోచోట చిక్కుకుంటుంది. అప్పుడు డ్రైవరు బానెట్ ఎత్తి, చేత్తో లింకు సర్ది, మళ్లీ ఎక్కేవాడు. లోపల కూర్చున్నవారు దీన్ని పెద్ద విషయంగా తీసుకునేవారు కాదు.

హెడ్‌లైట్ల డిప్పరు చేతికి అందదు. అది నేలమీద, క్లచ్ పక్కన ఉన్న గుండీ. ఎదురుగా లారీ వస్తే ఎడమకాలితో నొక్కి లైటు దించాలి. గేరు మార్చాల్సిన క్షణంలోనే ఎదుటి బండి వస్తే అదే కాలు క్లచ్‌కూ కావాలి, డిప్పరుకూ కావాలి. ఈ తికమక తప్పాలంటే మలుపు రాకముందే, లారీ దగ్గరపడకముందే పని ముగించుకోవాలి. ముందుచూపు అనేది అలా అలవాటయ్యేది.

ముందు తలుపులకు మూలన ముక్కోణపు చిన్న అద్దం ఒకటి ఉండేది. దాన్ని తిప్పితే బయటి గాలి నేరుగా మొహానికి కొట్టేది. ఏసీ లేని రోజుల్లో అదే చల్లదనం.

మొదటి గేరు మొండితనం

పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజను 1,489 సీసీ. బలం సుమారు 50 హార్స్‌పవర్. ఇప్పటి చిన్న కార్లు కూడా దీన్ని మించిపోయాయి. 1980 ప్రాంతంలో వచ్చిన డీజిల్ ఇంజనుకు ఇంకా తక్కువ, 37 హార్స్‌పవర్. మోత ఎక్కువ, పరుగు తక్కువ. అయినా డీజిలు చౌక కనుక కిరాయి బండ్లవారు దాని వైపే మొగ్గారు. 1990ల తొలి ఏళ్లలో జపాన్ ఇసుజు కంపెనీ నమూనాలోని 1,800 సీసీ ఇంజను వచ్చాక గాని ఈ బండికి చురుకు రాలేదు. గేరు రాడ్డు కిందికి దిగింది కూడా అప్పుడే.

పాత గేరుబాక్సులో ఒక విచిత్రం ఉంది. రెండు, మూడు, నాలుగు గేర్లకు సింక్రోమెష్ ఉంది. అంటే, తిరుగుతున్న పళ్ల వేగాన్ని సమం చేసి గేరును మెత్తగా పడేలా చేసే ఏర్పాటు. మొదటి గేరుకు అది లేదు. బండి కదులుతుండగా మొదటి గేరు వేయబోతే పళ్లు కొరికిన చప్పుడు ఊరంతా వినిపించేది. పూర్తిగా ఆపి వేయాలి, లేదా డబుల్ క్లచ్ కొట్టాలి. క్లచ్ నొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, కాస్త రేస్ చేసి, మళ్లీ క్లచ్ నొక్కి గేరు వేయడమన్నమాట. ఇది చేతికి రావడానికి నెలలు పట్టేది.

చెరువుకట్ట ఎక్కేటప్పుడు, నిండా జనంతో వాగు గట్టు ఎక్కేటప్పుడు దీని విలువ తెలిసేది. రెండో గేరులో ఇంజను గొంతు మారిందంటే బండి ఆగిపోబోతోందని అర్థం. అక్కడ తడబడితే బండి వెనక్కి జారుతుంది. అందుకే అనుభవం ఉన్న డ్రైవరు ఎత్తు మొదలుకాక ముందే గేరు దించి ఎక్కించేవాడు. మీటరు చూడడం తక్కువ, చెవితో వినడం ఎక్కువ.

గుంతలకు వెరవదు, మలుపులో ఒరుగుతుంది

అంబాసిడర్‌కు పేరు తెచ్చింది దాని సస్పెన్షన్. ముందు చక్రాలకు మెలితిరిగే ఉక్కు కడ్డీలు, వెనక కమాను పట్టీలు. గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా పోతే లోపలివారికి పడవలో ఊగినట్టు ఉండేది. ఇల్లందకుంటలో శ్రీరామనవమి జాతరకు ఇంటిల్లిపాది, మూటాముల్లెలతో సహా ఒకే బండిలో వెళ్లివచ్చేవారు. డిక్కీలో బియ్యం బస్తా పట్టేది.

ఆ మెత్తదనమే మలుపులో చిక్కు తెచ్చేది. వేగంగా తిప్పితే ఒళ్లంతా ఒకవైపు ఒరిగేది. వెనక కూర్చున్నవారు ఒకరి మీద ఒకరు పడేవారు. ముందు చక్రాల కీళ్లకు తరచూ గ్రీజు కొట్టకపోతే స్టీరింగులో ‘ప్లే’ పెరిగేది. చక్రం తిప్పిన కొద్దిసేపటికి గాని బండి తిరిగేది కాదు. తిన్నని రోడ్డు మీద కూడా చేతులు ఊరకుండక సర్దుతూనే ఉండాలి.

బ్రేకులు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. కాలు పెట్టగానే పట్టేవి కావు. ఒక్కోసారి రెండుమూడు సార్లు తొక్కితే గాని పట్టు దొరికేది కాదు. వానాకాలంలో ఒర్రె దాటితే డ్రమ్ముల్లోకి నీళ్లు చేరి అసలే పట్టేవి కావు. ఒర్రె దాటిన డ్రైవరు కొంతదూరం బ్రేకు మీద తేలికగా కాలు ఉంచి, నెమ్మదిగా పోనిచ్చేవాడు. ఆ రాపిడి వేడికి తడి ఆరి బ్రేకు మళ్లీ దారికొచ్చేది. ఈ పని మరిచినవారికి ముందున్న ఎడ్లబండి గుర్తు చేసేది.

ఎండకు తడిగుడ్డ, వానకు బకెట్

మే నెల ఎండల్లో పెట్రోలు బండికి ఇంకో జబ్బు. ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై పంపుకు అందకుండా పోయేది. దీనికి ‘వేపర్ లాక్’ అని పేరు. బండి నడిరోడ్డు మీద ఆగేది. డ్రైవరు బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టు నీడన బీడీ ముట్టించేవాడు. బీడీ అయిపోయేసరికి బండి సిద్ధం. రేడియేటర్ నీళ్ల కోసం డబ్బా డిక్కీలో ఎప్పుడూ ఉండాల్సిందే. బ్యాటరీ పడుకుంటే ముందు నుంచి హ్యాండిల్ వేసి తిప్పేవారు. హ్యాండిల్ ఎదురుతిరిగితే చేయి విరుగుతుంది కనుక బొటనవేలు చుట్టకుండా పట్టుకోవాలని మొదటిరోజే నేర్పేవారు.

వాన పడితే తలుపుల సందుల్లోంచి, ముందు అద్దం రబ్బరు పక్కనుంచి నీళ్లు కారేవి. కింద తట్టు తుప్పు పట్టేది. అయితే ఈ బండికి వచ్చే జబ్బుల్లో చాలావాటికి మందు దగ్గరలోనే దొరికేది. బానెట్ కింద మనిషి వంగి పని చేసుకునేంత చోటు ఉండేది. పానాలు, సుత్తి, స్క్రూడ్రైవరు ఉంటే చాలు, చిన్న షెడ్డులోని మెకానిక్ కూడా ఇంజను విప్పి బిగించేవాడు. ఆ పని మీద బతికిన కుటుంబాలు ప్రతి తాలూకా కేంద్రంలోనూ ఉండేవి. కంప్యూటర్ పెట్టి చూస్తే గాని జబ్బు తెలియని కార్లు వచ్చాక ఆ షెడ్లకు పని తగ్గిపోయింది.

రాత్రిపూట వరంగల్ ప్రయాణం

కారు సరదా వస్తువు కాని సందర్భాలూ ఉండేవి. 108 అంబులెన్సులు మన రాష్ట్రంలో మొదలైంది 2005లో. అంతకు ముందు కాన్పు కష్టమైనా, పాము కరిచినా, పురుగుల మందు తాగినా ఊళ్లో ఉన్న ఒక్క కిరాయి కారే దిక్కు. రైలు వేళ కాకపోతే హుజూరాబాద్, ఎల్కతుర్తి, హసన్‌పర్తి మీదుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి అర్ధరాత్రి బయల్దేరాల్సిందే.

అటువంటి వేళ అంబాసిడర్ వెనక సీటు మంచంలా పనికొచ్చేది. రోగిని పడుకోబెట్టి, తల ఒకరి ఒడిలో పెట్టి తీసుకుపోవచ్చు. ఇక డ్రైవరు పరీక్ష మొదలయ్యేది. తొందరపడితే గుంతలో పడి లోపలి మనిషికి ప్రాణం మీదికి వస్తుంది. నింపాదిగా పోతే ఆలస్యం ప్రాణం తీస్తుంది. మసక లైట్ల వెలుగులో, లైట్లు లేని ఎడ్లబండ్లను తప్పించుకుంటూ, బ్రేకు అందని దూరానికి పోకుండా నడపాలి. అందుకే కిరాయికి పిలిచేవారు ఏ బండి అని అడిగేవారు కాదు, నడిపేది ఎవరని అడిగేవారు. మంచి డ్రైవరుకు ఊళ్లో డాక్టరుకు ఉన్నంత మర్యాద ఉండేది. ఆ మర్యాద కారుది కాదు, ఆ చేతులది.

నేర్పిన పాఠం ఏమిటి?

అంబాసిడర్ తన లోపాన్ని దాచిపెట్టదు. వేగం పెరిగితే తలుపులు గలగలలాడతాయి, స్టీరింగు వణుకుతుంది, ఇంజను అరుస్తుంది. గంటకు 80 కిలోమీటర్లు అంటే లోపలివారందరికీ భయం తెలిసేది. ఇప్పటి కారులో 80 అంటే ఏమీ కాదు. అద్దాలు ఎత్తి, పాటలు పెట్టుకుంటే 100 కూడా తెలియదు. చప్పుడు పోయింది గాని ప్రమాదం పోలేదు.

లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. 80లో 22 మీటర్లు పోతుంది. ముందు గేదె అడ్డం వచ్చిందని చూసి, కాలు బ్రేకు మీదికి చేరడానికి సుమారు ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు తొక్కకముందే అంత దూరం అయిపోయింది. ఆ తర్వాత బండి ఆగడానికి పట్టే దూరం వేగం రెట్టింపైతే నాలుగింతలు అవుతుంది. డ్రమ్ము బ్రేకు అయినా, కొత్త బ్రేకు అయినా ఈ లెక్క మారదు.

కరీంనగర్-వరంగల్ మధ్య 563వ నంబరు జాతీయ రహదారిని నాలుగు వరుసలకు విస్తరించే పని చేపట్టారు. రోడ్డు వెడల్పయినా ఊరి దగ్గర అదే రోడ్డును దాటే మనుషులు, పశువులు, వడ్ల ట్రాక్టర్లు ఉండనే ఉంటాయి. పత్తి సీజన్‌లో జమ్మికుంట మార్కెట్ దారిలో బస్తాలతో నిండిన బండ్లు బారులు తీరుతాయి. ముందున్న బండికి దూరం పాటించడం, మలుపుకు ముందే వేగం తగ్గించడం, ఎదుటి బండికి లైటు దించడం... అంబాసిడర్ డ్రైవరు ఇవన్నీ చేసింది తప్పనిసరై. కొత్త కారు ఇవి చేయమని బలవంతం చేయదు. చేయాల్సింది మనిషే.

అలాగని పాత బండి భద్రమైనదని కాదు. రేకు మందంగా ఉంటే ప్రాణానికి ఢోకా లేదన్న నమ్మకం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. అది సరికాదు. పాత అంబాసిడర్లలో ఎయిర్‌బ్యాగులు లేవు, చాలావాటిలో సీటు బెల్టులు కూడా లేవు. గట్టిగా గుద్దుకుంటే ఆ దెబ్బ స్టీరింగు రాడ్డు ద్వారా నేరుగా డ్రైవరు ఛాతీకి తగులుతుంది.

షెడ్డులో బండి ఉన్నవారికి

తండ్రి కొన్న కారని అమ్మలేక, నడపలేక ఉంచుకున్నవారు కొన్ని నిబంధనలు తెలుసుకోవడం మంచిది. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత బండిని తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆఖరున 2014లో రోడ్డెక్కిన అంబాసిడర్‌కు కూడా 2029తో 15 ఏళ్లు నిండుతాయి. పొడిగింపు రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దీన్ని 10,000 రూపాయలు చేసింది.

బండికి 50 ఏళ్లు దాటితే ఇంకో దారి ఉంది. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం అటువంటి వాటిని ‘వింటేజ్’ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు. పదేళ్లు చెల్లుతుంది. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అయితే రోజువారీ తిరగడానికి, కిరాయికి పనికిరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తీసుకుపోవచ్చు. ఇంజను, ఛాసిస్, బాడీ అసలు రూపంలోనే ఉండాలన్నది ముఖ్యమైన షరతు. ఖర్చు కలిసొస్తుందని పెట్రోలు ఇంజను తీసేసి వేరే డీజిల్ ఇంజను బిగించిన బండ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది. పాత ఇంజను మూలన పడి ఉంటే దాన్ని తూకానికి అమ్మేముందు ఆలోచించుకోవాలి.

ఇక బండిని బయటికి తీసేవారు ముందుగా చూడాల్సింది రంగు కాదు. బ్రేకు గొట్టాలు, రబ్బర్లు, టైర్లు చూసుకోవాలి. ఏళ్లుగా నిలబడి ఉన్న బండిలో ముందు పాడయ్యేవి అవే. స్టీరింగు ప్లే సరిచేయించి, ముందు చక్రాలకు గ్రీజు కొట్టించాలి. ఆ బండిని ఒకప్పుడు నడిపిన పెద్దమనిషి ఊళ్లో ఉంటే, ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు రోజులు నేర్చుకోవాలి. డబుల్ క్లచ్ ఎలా కొట్టాలో, ఒర్రె దాటాక బ్రేకు ఎలా ఆరబెట్టాలో పుస్తకం కన్నా ఆయనకే బాగా తెలుసు. ఆయన ఉండగానే అడిగి తెలుసుకోవడం మేలు.